పాలకంకి గడువు

ఏటా నవంబరు 1 వస్తే మన పత్రికల నిండా రాష్ట్రావతరణ ముచ్చట్లే. 1956లో అదే రోజున నాందేడ్ హైదరాబాద్ రాష్ట్రాన్ని విడిచి బొంబాయి రాష్ట్రంలో చేరిన సంగతి ఎవరికీ పట్టదు. పోతూపోతూ ఆ జిల్లా ముధోల్, భైంసా, కుబీర్, బిచ్కుంద, జుక్కల్ ప్రాంతాలను ఇటు వదిలింది. ధర్మాబాద్, దెగ్లూర్ అటే ఉండిపోయాయి. సరిహద్దు గీత జొన్నచేల మధ్య నుంచి పోయింది. కాల్చి నలిపిన పచ్చి జొన్నగింజలు ఇటు ఊచబియ్యం, అటు హుర్దా. కంకి మాత్రం ఒకటే. తిండిలో లేతదనమంటే ఏమిటో తేల్చడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఆఫ్రికాలో పుట్టిన జొన్న గోదావరి గట్టెక్కాక శాతవాహనులు, రాష్ట్రకూటులు, సుల్తానులు వచ్చిపోయారు. శాసనం దానమిచ్చిన పొలం ఎల్లలు చెబుతుంది గానీ, ఆ పొలంలో పచ్చికంకి ఎవరు కాల్చుకున్నారో చెప్పదు. 1708లో గురు గోవింద్ సింగ్ నిర్యాణం, 1830ల్లో రంజిత్ సింగ్ కట్టించిన గురుద్వారా దాటి చరిత్ర పుస్తకాలు నాందేడ్ వైపు పెద్దగా చూడవు. మనం పొగ దగ్గరికే పోదాం. పుష్యమాసం చలిలో రబీ జొన్న గింజను గోటితో నొక్కితే పాలు చిమ్ముతాయి. ఆ పాలు ముద్దకట్టే వేళే అదను, లోపలి తీపి ఇంకా పూర్తిగా పిండి కాని వేళ. గుంటలో పిడకలు రాజేసి, కంకులు కాల్చి, వేడిమీదే అరచేతుల్లో నలిపి ఊక ఊదేస్తే ఆకుపచ్చ గింజలు మిగులుతాయి. వెల్లుల్లి కారంతోనో బెల్లంతోనో నోట్లో వేసుకుంటే పంటికింద చిట్లుతాయి.

నిజాం ఏలిన గడ్డ కదా, రసమంటే మాంసానిదే, గింజకు రసమేమిటని అనొచ్చు. బిర్యానీ ముక్క మెత్తదనం పెరుగూ బొప్పాయీ దమ్మూ కలిసి తెచ్చేది; చేయితిరిగిన వంటవాడు ఏ నెలలోనైనా తేగలడు. హుర్దా మెత్తదనాన్ని ఎవరూ తేలేరు, అది ఉన్న నాలుగు రోజుల్లో అందుకోవాలి. ఆలస్యమైతే అదే గింజ రొట్టెల పిండికి పోతుంది. పంట చేతికొచ్చేదాకా ఆగలేని పేదల తిండికి మనం రుచి అంటగడుతున్నామనే మాటా ఉంది. దాంట్లో కొంత నిజముంది. కానీ ఆకలి ఒక్కటే అయితే ఏ కంకైనా చాలు. కుచకుచి, గుళభేండి అంటూ హుర్దాకని ప్రత్యేకించి నాటు రకాలు ఎందుకు కాపాడుకున్నట్టు? కుచకుచి అన్న పేరులోనే గింజ నలిగిన చప్పుడుంది.

ఆ నాటు రకాలకు పోటీగా 1964లో సి.ఎస్.హెచ్-1 సంకరజొన్న వచ్చింది, తర్వాత సోయా చేలను ఆక్రమించింది. ఇప్పుడేమో పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయమే హుర్దా కోసం ‘పర్భణీ వసంత్’ రకాన్ని ఇచ్చింది, నగరవాసులు టిక్కెట్టు కొని పొలాల్లో హుర్దా పార్టీలు చేసుకుంటున్నారు. రసవత్తరమన్న మాట వంటింట్లోంచి లేచి క్రికెట్ మ్యాచ్‌కు పోయిన రోజుల్లో ఇదీ మేలే. సంక్రాంతికి నాందేడ్ వైపు వెళ్తే మాత్రం పొట్లం కట్టించుకోకండి. పిడకల పక్కనే కూర్చుని తినండి, చల్లారితే ఆ రుచి ఉండదు.