కిరణజన్య సంయోగక్రియ: తెలుగువారి పరిశోధన

పత్రహరితం గల మొక్కలు సూర్యకాంతి సాయంతో నీరు, కార్బన్ డయాక్సైడ్‌ల నుంచి పిండిపదార్థాలను తయారుచేసుకునే ప్రక్రియ కిరణజన్య సంయోగక్రియ. ఇందులో ఆక్సిజన్ వెలువడుతుంది. ఆకు గ్రహించిన కాంతి ముందుగా ఏటీపీ, ఎన్‌ఏడీపీహెచ్ అణువుల్లో రసాయనిక శక్తిగా మారుతుంది. చక్కెర తయారయ్యేది ఆ శక్తితోనే.

పుదీనా మొక్క గాలిని శుద్ధి చేస్తుందని 1771లో ప్రీస్ట్లీ చూపిన ప్రయోగం, వెలుతురు ఉంటేనే ఆకు గాలిని శుద్ధి చేస్తుందని 1779లో ఇంగెన్‌హౌజ్ చూపడం ఈ శాస్త్రానికి పునాదులు. పందొమ్మిదో శతాబ్దంలో దీని స్థూల స్వరూపం తేలింది.

ఏటీపీ కథలో తెలుగువారి పాత్ర ఘనమైనది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల నుంచి ఏటీపీని వేరుచేసి 1929లో ప్రకటించారు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడాది విడిగా కనుగొన్నారు. ఆకులోని హరితరేణువులు కూడా వెలుతురులో ఏటీపీని తయారుచేస్తాయని డేనియల్ ఆర్నన్ బృందం 1954లో నిరూపించింది. అప్పటికి సుబ్బారావు కన్నుమూసి ఆరేళ్లు.

ఏటీపీ శక్తితో ఆకులో చక్కెర తయారయ్యే క్రమాన్ని కాల్విన్ అనే శాస్త్రవేత్త బృందం కనుగొంది. ఆ మార్గంలో కార్బన్ మొదట మూడు కార్బన్ల పదార్థంగా స్థిరపడుతుంది. ఇది సి3. చెరకులాంటి మొక్కల్లో తొలి పదార్థానికి నాలుగు కార్బన్లు ఉంటాయి. ఈ సి4 మార్గాన్ని 1966లో హ్యాచ్, స్లాక్ వివరించారు. హైదరాబాద్ జూబ్లీహిల్స్ బండల మధ్య పెరిగే సీతాఫలం సి3 మొక్క, దాని పాదాన మొలిచే గరిక సి4. గరిక ఆకును అడ్డంగా పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో పెడితే ప్రతి ఈనె చుట్టూ పెద్ద కణాల వలయం స్పష్టంగా కనిపిస్తుంది. కాల్విన్ మార్గం ఆ వలయంలో సాగుతుంది. ఎండ తీవ్రంగా ఉన్నచోట ఈ ఏర్పాటు మొక్కకు ఎంతో మేలు.

సి3, సి4 పద్ధతులకు నడుమ ఉండే మొక్కల కోసం తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆచార్య వి.ఎస్.రామదాస్ బృందం ఓపికగా గాలించింది. ఎ.ఎస్.రాఘవేంద్ర, జి.రాజేంద్రుడు, రామదాస్ 1978లో ‘నేచర్’ పత్రికలో మొల్లుగో న్యూడికాలిస్ అనే చిన్న మొక్కపై వ్యాసం ప్రచురించారు. ఆ మొక్కలో లేత ఆకులది ఒక పద్ధతి, ముదురు ఆకులది మరొకటి అని అందులో తెలిపారు. పొన్నగంటి కూర ప్రజాతికే చెందిన రెండు మొక్కలు సి3–సి4 మధ్యస్థాలని ఈ బృందమే 1986లో చూపింది.

రాఘవేంద్ర తరువాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో బఠాణీ ఆకు కణాలపై పరిశోధన సాగించారు. పగటిపూట కూడా ఆ కణాల్లోని మైటోకాండ్రియా శ్వాసక్రియ కిరణజన్య సంయోగక్రియకు తోడ్పడుతుందని ఆయన బృందం చూపింది. రోవన్ సేజ్‌తో కలిసి ఆయన సంపాదకత్వం వహించిన సి4 గ్రంథం 2011లో వెలువడింది.