పేదపిల్లల చదువు - చరిత్ర చెప్పే పాఠం

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్



దివ్య ఖుర్‌ఆన్‌లో దిగివచ్చిన తొలి ఆదేశం చదవమనే. అటువంటి ధర్మాన్ని నమ్మిన మన ఇళ్లలోనే చదువుకు దూరమైన పిల్లలు ఇంతమంది ఎందుకు వున్నారు? పూర్వం మన పెద్దలు, ఇతర సేవాసంస్థలు చేసిన పని ఒక్కసారి తిరగవేసి చూస్తే దీనికి జవాబు దొరుకుతుంది.

మన దేశంలో ముస్లిముల ఆధునిక విద్యకు సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారు 1875లో అలీగఢ్‌లో పునాది వేశారు. 1877లో కాలేజీకి శంకుస్థాపన జరిగింది. 1920లో అది యూనివర్సిటీ అయింది. ఆ స్ఫూర్తి దక్షిణాదికీ వచ్చింది. 1902లో మద్రాసులో దక్షిణ భారత ముస్లిం విద్యాసంఘం ఏర్పడింది. 1951లో న్యూ కాలేజీని నెలకొల్పింది ఈ సంఘమే. మన ఆంధ్రలో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారి కృషితో 1947లో కర్నూలులో ఉస్మానియా కాలేజీ వెలసింది. చందాలతో, విరాళాలతో లేచిన ఈ విద్యాలయాలు ఎన్నో కుటుంబాల తలరాత మార్చాయి. ఆ మహనీయుల రుణం మనం తీర్చుకోలేనిది.

అయితే ఒక్క సంగతి మనం గమనించాలి. కాలేజీ మెట్లు ఎక్కాలంటే ముందు హైస్కూలు దాటాలి గదా! అయిదో తరగతితోనే పుస్తకాల సంచీ మూలన పడేసి పనికిపోయిన బిడ్డకు కాలేజీ వున్నా ఒకటే, లేకున్నా ఒకటే. 2006లో సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక ఈ నిజాన్నే దేశం ముందు పెట్టింది. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది దాకా అసలు బడి మొహం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని అందులో తేలింది. మనవాళ్లంతా మదరసాలకే పంపుతారన్నది వట్టి అపోహ అని కూడా తేలింది. మదరసాలకు వెళ్లేది నూటికి ముగ్గురు, నలుగురికి మించి లేరు. 2007లో మన రాష్ట్రంలో వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషను వచ్చింది. మంచిదే. కాని పదో తరగతి గట్టెక్కని పిల్లవాడు ఆ సీటును ఏం చేసుకుంటాడు?

మన ప్రాంతం సంగతి చూద్దాం. ఏలూరు తివాచీలు పర్షియా నుంచి వచ్చిన ముస్లిం నేతగాళ్లు తెచ్చిన కళ అని ప్రతీతి. మగ్గం వున్న ఇంట్లో చిన్న చేతులకూ ఏదో ఒక పని దొరుకుతుంది. కొల్లేరులో 1976 నుంచి ప్రభుత్వమే సహకార సంఘాల పేరిట చేపల చెరువులు తవ్వించింది. 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2006లో చెరువుల గట్లు కొట్టించింది. సరస్సుకు అది అవసరమే కావచ్చు. కాని ఏ కులమైనా, ఏ మతమైనా, పెద్దల సంపాదన దెబ్బతిన్నప్పుడు ముందుగా తెగేది పిల్లల చదువే, అందులోనూ ఆడపిల్ల చదువు.

మరి దారి ఏమిటి? చరిత్రకారులు మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేర 1981లో ఒక ఫౌండేషను ఏర్పడింది. ఆయన మనుమరాలు శాంతా సిన్హా గారి నాయకత్వాన అది 1991 ప్రాంతాల్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిపిల్లల కోసం నడుం కట్టింది. వారి సూత్రం ఒక్కటే: బడికి రాని ప్రతి పిల్లా బాలకార్మికుల లెక్కే. పగలు పని, రాత్రి బడి అనే పద్ధతిని వారు ఒప్పుకోలేదు. ఊరి యువకులే ఇల్లిల్లూ తిరిగారు, తల్లిదండ్రులతోనూ యజమానులతోనూ మాట్లాడారు. వయసు మీరిన పిల్లలను కొన్నాళ్లు శిబిరంలో వుంచి, చదువు చెప్పి, ఈడుకు తగిన తరగతిలో చేర్పించారు. పేదవాడికి చదువంటే ఇష్టం లేదనే మాట అబద్ధమని రుజువు చేశారు. 2003లో శాంతా సిన్హా గారికి మెగసెసే అవార్డు లభించింది.

2010 ఏప్రిల్ 1 నుంచి 14 ఏళ్ల దాకా చదువు చట్టరీత్యా హక్కు అయింది. కాని 2016లో సవరించిన చట్టం, బడి వేళలు కాని సమయంలో ఇంటి పనిలో సాయపడటానికి పిల్లలకు వీలిచ్చింది. ఇంట్లో జరిగే పనిని చూసేదెవరు? ఇరుగుపొరుగువారు, జమాత్ పెద్దలు, మనలాంటి సొసైటీలే చూడాలి.

కాబట్టి నా మనవి ఇది. ఏటా జూన్‌లో నోటు పుస్తకాలు పంచి ఫోటో దిగడంతో మన బాధ్యత తీరిపోదు. డిసెంబరులో ఆ పిల్లవాడు బడిలో వున్నాడా లేదా అని కనుక్కోవాలి. మానేస్తే ఆ ఇంటి తలుపు తట్టాలి. తండ్రి లేని ఇల్లయి, ఆ బిడ్డ కూలితోనే పొయ్యి వెలుగుతున్నదని తెలిస్తే, అక్కడికి చేరాలి మన జకాత్. అది దయ కాదు, వారి హక్కు. ఒక్కొక్క సభ్యుడు ఒక్క బిడ్డను పదో తరగతి దాటించేదాకా చేయి వదలకుండా వుంటే చాలు.

అల్లాహ్ మనకు ఆ తౌఫీఖ్ ప్రసాదించుగాక! ఆమీన్.