బస్సీనీ పద్ధతి: ఒక శస్త్రచికిత్సలో జారిపోయిన మెట్టు

శస్త్రచికిత్సను కూడా ఒక పాఠంగా చదవవచ్చు. దానికి మూలకర్త ఉంటాడు, ప్రతులుంటాయి, పాఠాంతరాలుంటాయి, లేఖక ప్రమాదాలూ ఉంటాయి. గజ్జల్లో వచ్చే హెర్నియాకు ఇటలీ వైద్యుడు ఎడోర్డో బస్సీనీ (1844-1924) రూపొందించిన పద్ధతి చరిత్ర ఇందుకు మంచి నిదర్శనం.

గజ్జ గాయం బస్సీనీకి స్వానుభవమే. 1867లో రోమ్ సమీపాన విల్లా గ్లోరి వద్ద గారిబాల్డీ పక్షాన పోరాడుతుండగా బాయినెట్ ఆయన గజ్జలో దిగింది. తరువాత పాడువా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై హెర్నియాపై దృష్టి నిలిపాడు. పొత్తికడుపు గోడ బలహీనపడినచోట పేగు వెలికి జారడమే ఈ వ్యాధి. ఆనాటి చికిత్సలు జారిన సంచిని కట్టి, ద్వారాన్ని బిగించి ఊరుకునేవి. వ్యాధి తరచూ తిరగబెట్టేది, రోగికి నడుముపట్టీ తప్పేది కాదు. బస్సీనీ ఆ మార్గాన్ని ముందునుంచి తెరిచి, దాని వెనుక గోడలోని ట్రాన్స్‌వర్సాలిస్ ఫేషియా అనే పలుచని పొరను కోసి, ఆ పొరనూ దానిపైనున్న రెండు కండరాలనూ కలిపి లిగమెంటుకు కుట్టాడు. అంటే గోడనే మళ్లీ కట్టాడు. 1890లో జర్మన్ పత్రికలో 262 శస్త్రచికిత్సల ఫలితాలు ప్రకటించాడు. వ్యాధి తిరగబెట్టింది సుమారు 3 శాతం మందికే.

పద్ధతి ఖండాలు దాటింది, కాని పూర్తిగా దాటలేదు. ఇటలీ వెలుపల, ముఖ్యంగా అమెరికాలో, పలువురు ఆ పలుచని పొరను కోయడం మానేసి పైకి కనిపించే కండరాలను మాత్రమే లాగి కుట్టారు. అచ్చుబొమ్మలో కంటికి ఆనేది చివరి కుట్టే కనుక, దాని ముందరి కోత అనవసరమని తోచి ఉండవచ్చునని నా ఊహ. పైగా ఆ పొర వెంబడే రక్తనాళాలున్నాయి. దానిని తెరవడానికి చేయి జంకుతుంది. తాళపత్రంలో ఒక పాదం జారితే ఛందస్సు పట్టిస్తుంది. ఇక్కడ అలాంటి కాపలా లేదు. కుట్టు పైకి ఒకేలా కనిపిస్తుంది. లోపం బయటపడేది ఏళ్ల తరువాత, మరొక ఊళ్లో, మరొక వైద్యుడి ముందు. హెర్నియాలు తిరగబెట్టసాగాయి. రోగి రెండోసారి కత్తికి లోనయ్యాడు. నింద మాత్రం బస్సీనీ పేరుమీద పడింది. ఆంగ్ల వైద్య వాఙ్మయం ఈ కుదింపును 'భ్రష్ట బస్సీనీ' అనే అర్థంలో ప్రస్తావిస్తుంది.

మూలపాఠాన్ని నిలబెట్టే పనికి శిష్యుడు అట్టీలియో కాటెరీనా పూనుకున్నాడు. ప్రతి మెట్టునూ రంగుచిత్రాలతో చూపిన ఆయన గ్రంథం 1934లో ఆంగ్లంలో వెలువడింది. గురువు ప్రకటనకు అది నాలుగు దశాబ్దాల తరువాతి మాట.

ఎడ్వర్డ్ షౌల్డైస్ దారి వేరు. 1945లో టొరంటోలో హెర్నియాలకే అంకితమైన ఆసుపత్రిని స్థాపించాడు. వెనుక గోడను తెరిచి, పొరమీద పొరగా కుట్టడం అక్కడి పద్ధతి. కొత్తగా చేరినవారు మొదట పెద్దల పక్కన సహాయకులుగా నిలిచి, పిదప వారి కళ్లముందే కత్తి పడతారు. ఆసుపత్రి లెక్కల్లో వ్యాధి తిరగబెట్టడం 1 శాతం చుట్టూనే ఉంది. కాటెరీనా చిత్రాలు చేయలేని పని ఇక్కడ పక్కనున్న మనిషి చేశాడని నా అభిప్రాయం.

1990ల నుంచి లాపరోస్కోపీ వచ్చి, గోడను లోపలివైపు నుంచి చూసి వలతో కప్పే పద్ధతి వ్యాపించడంతో నేర్చుకోవడం మళ్లీ మొదటికి వచ్చింది. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనం 2004లో వెలువడింది. రెండేళ్లలో తిరగబెట్టినవి తెరిచి చేసిన వల చికిత్సలో 4.9 శాతం, లాపరోస్కోపీలో 10.1 శాతం. అయితే అంతకుముందే 250కి మించి లాపరోస్కోపీ హెర్నియా చికిత్సలు చేసిన వైద్యుల చేతుల్లో, అనుభవం తక్కువవారితో పోలిస్తే, ఈ రేటు దాదాపు సగానికి తగ్గింది.