గాలి, నీరు, రైలు: అనంతగిరి విడిది కథ

అనంతగిరి గుట్ట మీద కురిసిన వాన రెండు దారులు పడుతుంది. తూర్పు వాలున పడ్డ నీళ్లు మూసీ అవుతాయి. హైదరాబాదు నడుమ నుంచి సాగి, సుమారు 240 కిలోమీటర్ల నడక తర్వాత వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. పడమటి వాలున పడ్డ నీళ్లు కాగ్నా అవుతాయి. తాండూరు పక్కగా పోయి, బషీరాబాద్ మండలంలో జీవన్గి గుడి ఒడ్డును తాకి, కర్ణాటకలోకి దిగి భీమలో పడతాయి. ఆ భీమ కూడా చివరికి కృష్ణలోకే చేరుతుంది. ఒకే గుట్ట మీద విడిపోయిన వాన వందల కిలోమీటర్లు తిరిగి ఒకే నదిలో కలుసుకుంటుందన్నమాట. ఈ సంగతి తెలిస్తే అనంతగిరిని చూసే చూపు మారుతుంది. ఆదివారం పొద్దున కార్లలో వచ్చి సాయంత్రానికి దిగిపోయేవాళ్లకు అదొక పచ్చని కొండ. దిగువన ఉన్న మాకు అది నీళ్ల పుట్టిల్లు.

విహారానికి పేరుపడ్డ ఊరు అనగానే ఎక్కువమందికి సముద్రపు ఒడ్డు, అందులోనూ మధ్యధరా తీరం గుర్తుకొస్తుంది. ఫ్రాన్సు దక్షిణపు అంచున ఉన్న నీస్, దానికి తూర్పున ఇటలీ సరిహద్దును ఆనుకున్న మాంతోన్ అలాంటివి. అనంతగిరి ఉన్న వికారాబాద్ జిల్లాకు సముద్రం లేదు. అయినా ఆ ఊళ్ల చరిత్ర చదువుతుంటే అనంతగిరి కథే ఇంకో భాషలో చదువుతున్నట్టుంటుంది. అక్కడికి మొదట గుంపులుగా వెళ్లినవాళ్లు సరదా కోసం వెళ్లలేదు. దగ్గుతూ, నెత్తురు కక్కుతూ, బతుకు మీద ఆశతో వెళ్లారు.

జేమ్స్ హెన్రీ బెన్నెట్ అనే ఇంగ్లీషు డాక్టరు క్షయతో బాధపడుతూ 1859లో మాంతోన్ చేరాడు. ఇక బతకననుకున్న మనిషి ఆ చలికాలపు ఎండలో, సముద్రపు గాలిలో కోలుకున్నాడు. 1861లో ఆ తీరపు వాతావరణం గురించి పుస్తకం రాశాడు. ఆ పుస్తకం పట్టుకుని ఇంగ్లండు, జర్మనీల నుంచి రోగులు వరస కట్టారు. 1864లో నీస్‌కు రైలొచ్చింది, కొన్నేళ్లకే మాంతోన్‌కూ వచ్చింది. రష్యా రచయిత చెహోవ్ క్షయతోనే 1897 చలికాలం నీస్‌లో గడిపాడు, ఆ తర్వాత మళ్లీ వచ్చాడు. నిమ్మతోటల, చేపలవాళ్ల పడవల తీరం ముప్పై నలభై ఏళ్లలో యూరప్ రాజుల చలికాలపు విడిది అయిపోయింది. ఆ తీరానికి ఇవాళ లోకమంతా వాడే 'కోత్ దజూర్' అన్న పేరు కూడా 1887లో వచ్చిన ఒక పుస్తకం పెట్టిందే.

మన గుట్టకు మనుషులు రావడం అంతకన్నా చాలా పాతది. వాళ్లు వచ్చింది దేవుడి కోసం. అనంత పద్మనాభస్వామి ఇక్కడ సాలగ్రామ రూపంలో వెలిశాడని, మార్కండేయుడు ఈ గుట్ట మీదే తపస్సు చేశాడని స్థలపురాణం. గుడిని నాలుగు వందల ఏళ్ల కిందట నిజాం నవాబు కట్టించాడని ఊళ్లో చెప్తారు. ఆ లెక్క కుదరదు. ఆసఫ్‌జాహీల పాలన మొదలైందే 1724లో. నాలుగు వందల ఏళ్ల వెనక్కి పోతే గోల్కొండలో ఉన్నది కుతుబ్‌షాహీలు. కట్టించింది ఎవరైనా, ముస్లిం పాలకుడి పేరుతో ఒక విష్ణువు గుడి కథ ముడిపడి ఉండటం, దాన్ని భక్తులు గర్వంగా చెప్పుకోవడం నాకు తారీఖు కన్నా విలువైన విషయం. ఆషాఢంలో చిన్న జాతర, కార్తీకంలో పెద్ద జాతర. భవనాశి కొలనులో మునిగి, తడిబట్టలతో మెట్లెక్కి దర్శనం చేసుకుని, చెట్ల కింద రాళ్లు పేర్చి పొయ్యి రాజేసి వండుకుతిని పోవడం తరాల అలవాటు. పక్కనే ధారూరులో ఏటా నవంబరులో మెథడిస్టు క్రైస్తవుల జాతర జరుగుతుంది. అక్కడా చెట్ల కింద గుడారాలే, రోజుల తరబడి కాపురాలే. చెట్టునీడన బస చేయడం ఈ సీమకు రిసార్టులు నేర్పిన విద్య అనుకుంటే పొరపాటు.

గుట్ట కింద ఊరికి పేరు తెచ్చింది నిజాం కొలువులోని 'పైగా' అనే వంశపు నవాబులు. హైదరాబాదు దివానుగా పనిచేసి, ఫలక్‌నుమా కట్టించిన వికారుల్ ఉమ్రా పేరు మీదే వికారాబాద్. ఆయనకు ముందు దివానుగా ఉన్న ఆస్మాన్ జా అసలు బిరుదు బషీరుద్దౌలా. హైదరాబాదులో బషీర్‌బాగ్ ఆయన తోటే. మా బషీరాబాద్ పేరులోనూ బషీర్ అన్న మాటే వినిపిస్తుంది. ఈ ఊళ్లన్నిటినీ ఒక దండగా గుచ్చింది మాత్రం రైలు. బొంబాయి–మద్రాసు దారిలోని వాడి నుంచి సికింద్రాబాదు దాకా నిజాం సొమ్ముతో వేసిన లైను 1874 అక్టోబరులో మొదలైంది. నవాంద్గి, మంతట్టి, తాండూరు, ధారూరు, వికారాబాద్... ఈ స్టేషన్ల మీదుగానే హైదరాబాదు మొదటిసారి బయటి లోకానికి ఇనుపదారి వేసుకుంది. నీస్‌కు రైలొచ్చిన పదేళ్లకే మాకూ వచ్చింది. తర్వాత బీదర్ వైపు లైను కూడా కలవడంతో వికారాబాద్ జంక్షన్ అయింది. పట్నం నుంచి డెబ్భై కిలోమీటర్ల దూరాన, రైలు దిగి టాంగా ఎక్కితే చేరుకునే అడవిగుట్ట. విడిది ఊరికి కావలసిన సరంజామా అంతా అమరినట్టే.

'వికారాబాద్ హవా లక్ష జబ్బులకు దవా' అని ఉర్దూలో ఒక మాట ఇప్పటికీ నలుగుతూ ఉంటుంది. దాని వెనక ఉన్నది టీబీ దవాఖాన. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కోహ్ 1882లోనే కనిపెట్టాడు. మందు మాత్రం మరో అరవై ఏళ్లు రాలేదు. ఆ అరవై ఏళ్లూ వైద్యమంటే గాలి, విశ్రాంతి, బలమైన తిండి. ఎత్తైన చోట, అడవి పక్కన పొడవాటి వార్డులు కట్టి, కిటికీలు రాత్రింబవళ్లు తెరిచిపెట్టి, రోగిని నెలల తరబడి మంచానికే అప్పగించేవారు. తెలుగునేల మీద ఇందుకు మొదట పేరుపడ్డది మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం. 1910లలో మిషనరీలు మొదలుపెట్టిన ఆ సానిటోరియానికి దక్షిణ దేశమంతటి నుంచీ రోగులు చేరేవారు. నిజాం రాజ్యంలో ఆ స్థానం అనంతగిరిది. ఏడో నిజాం కాలంలో గుట్ట మీద వెలసిన క్షయ ఆసుపత్రికి పట్నం నుంచి, జిల్లాల నుంచి జనం వచ్చారు. క్షయ పేరెత్తితే సొంతింట్లోనే గిన్నె, గ్లాసు వేరు చేసే రోజులవి. జబ్బు కన్నా వెలి ఎక్కువ బాధపెట్టే ఆ కాలంలో, తనలాంటివాళ్లే పక్క మంచాల్లో ఉండే ఒక చోటు దొరకడం రోగికి చిన్న ఊరట కాదు. గుట్ట మీది దవాఖాన గురించి మాట్లాడేటప్పుడు గాలినే పొగుడుతాం గానీ ఈ తోడును మరిచిపోతాం.

ఆ తర్వాత జరిగింది ఈ కథలో అన్నిటికన్నా పెద్ద మలుపు. 1940లలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాయి. మందులు వచ్చినా రోగిని సానిటోరియంలో ఉంచే ఇవ్వాలన్నది అప్పటి డాక్టర్ల గట్టి నమ్మకం. మన దేశంలో ఉన్న రోగుల సంఖ్యకు అన్ని మంచాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఈ చిక్కు తేల్చడానికి 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. నగరంలోని పేద రోగుల్లో సగంమందికి సానిటోరియంలో మంచం, మంచి తిండి, విశ్రాంతి ఇచ్చారు. మిగతా సగాన్ని వాళ్ల ఇరుకు ఇళ్లలోనే, వాళ్ల గంజీ అన్నంతోనే ఉంచారు. మందులు రెండు జట్లకూ ఒకటే, ఏడాది పాటు. 1959లో ఫలితాలు బయటపెట్టారు. ఇంట్లో ఉన్నవాళ్లు కూడా దాదాపు సానిటోరియంలో ఉన్నవాళ్లతో సమానంగా కోలుకున్నారు. ఇంట్లో ఉన్నంత మాత్రాన కుటుంబంలో మిగతావాళ్లకు జబ్బు ఎక్కువగా సోకలేదు కూడా. లోకంలో క్షయ వైద్యాన్ని మార్చిన పరిశోధన ఇది. ఆల్ప్స్ కొండల నుంచి మదనపల్లె దాకా సానిటోరియంల అవసరం తీరిపోవడం మొదలైంది. స్విట్జర్లాండులో దావోస్ లాంటి ఊళ్లు మంచు ఆటల వైపు మళ్లాయి. మధ్యధరా తీరం అప్పటికే ఆరోగ్యం మాట వదిలి ఆటవిడుపుకు మారిపోయింది.

ఇంత జరిగినా అనంతగిరి గాలికి వచ్చిన పేరు పోలేదు. గాలి క్షయను మాన్పదని విజ్ఞానం తేల్చింది. ఆ గాలి కోసమే జనం ఇంకా వస్తున్నారు. ఇందులో నాకు తప్పేమీ కనిపించదు. వారమంతా పట్నం పొగలో తిరిగిన మనిషికి టేకు అడవి వాసన కావాలనిపించడం సహజం.

మధ్యధరా తీరంలో ఈ మార్పు దశలవారీగా వచ్చింది. 1920ల దాకా అక్కడ హోటళ్లు ఎండాకాలం మూసేసేవారు. సీజనంటే చలికాలమే. ఎండలో ఒళ్లు కాల్చుకోవడం అందమన్న కొత్త సరదా ఆ దశాబ్దంలో మొదలయ్యాక లెక్క తలకిందులైంది. 1936లో ఫ్రాన్సు ప్రభుత్వం కార్మికులకు జీతంతో కూడిన సెలవులిచ్చింది. రాజుల తీరానికి సామాన్యులు రైళ్లెక్కి వచ్చారు. ఇది ఆ తీరం చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం. అనంతగిరికి ఆ దశ ఐటీ కొలువులతో వచ్చింది. శని, ఆదివారాల సెలవు, చేతిలో బండి, డెబ్భై కిలోమీటర్ల దూరంలో గుట్ట. పర్యాటక సంస్థ హరిత రిసార్టు కట్టింది. 2016 అక్టోబరులో వికారాబాద్ జిల్లా అయ్యాక ప్రైవేటు విడిదులు పెరిగాయి. 1967లో సాగు కోసం కట్టిన కోట్‌పల్లి ప్రాజెక్టులో ఇప్పుడు కయాకింగ్ పడవలు తిరుగుతున్నాయి. కేంద్రం స్వదేశ్ దర్శన్ రెండో విడతకు తెలంగాణ నుంచి ఎంచుకున్న రెండు చోట్లలో ఒకటి భువనగిరి కోట, రెండోది అనంతగిరి.

పేరొచ్చిన ప్రతి విడిది ఊరికీ ఒక ప్రమాదం ఉంది. ఏది చూడటానికి జనం వస్తారో, వాళ్లకు వసతి కట్టే తొందరలో దాన్నే తినేస్తాం. నీస్ చుట్టుపక్కల తీరం సిమెంటుతో నిండిపోయాక ఫ్రాన్సు కళ్లు తెరిచింది. 1975లో ఒక ప్రభుత్వ సంస్థను పెట్టి, తీరపు భూములను కొని, ఇక వాటి మీద ఎవరూ ఏమీ కట్టకుండా కాపాడే పని అప్పగించింది. 1986లో చట్టం చేసి, ఊళ్లు లేని చోట సముద్రానికి వంద మీటర్ల లోపు కట్టడాలు ఆపింది. వాళ్లు వందేళ్లు ఆలస్యంగా చేసిన పని మనం ఇప్పుడే చేయొచ్చు. మూసీ పుట్టే చోటుకు, కాగ్నాలో కలిసే వాగుల మొదళ్లకు హద్దురాళ్లు పాతాలి. అక్కడ రిసార్టు గోడ లేవకూడదు, బోరు పడకూడదు. హైదరాబాదులో మూసీ ఒడ్డును బాగుచేయడానికి ఖర్చు పెట్టాలనుకుంటున్న కోట్లలో ఓ పిసరు గుట్ట మీద పెడితే చాలు.

అడవి మీద కన్ను రిసార్టులది మాత్రమే కాదు. పూడూరు మండలం దామగుండంలో సుమారు 2,900 ఎకరాల అటవీ భూమిలో నౌకాదళం రేడియో ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. సముద్రంలో మునిగి తిరిగే జలాంతర్గాములతో మాట్లాడటానికి అతి తక్కువ తరచుదనం గల తరంగాలు పంపే కేంద్రమది. ఇలాంటిది దేశంలో అంతకుముందు తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లాలో ఒక్కటే ఉంది. దేశరక్షణకు అవసరమని ప్రభుత్వం అంటోంది. చెట్లు, మూసీ పుట్టుక, రామలింగేశ్వరుడి గుడికి దారి ఏమవుతాయని స్థానికులు, పర్యావరణం కోసం పనిచేసేవాళ్లు అడుగుతూ వచ్చారు. సముద్రం లేని జిల్లాకు సముద్రం పనిమీద వచ్చిన ఆ కేంద్రం లోపల ఎన్ని చెట్లు మిగులుతాయన్నది ఏటేటా లెక్కగట్టి జనానికి చెప్పాల్సిన విషయం.

దిగువన మా వైపు కాగ్నాది ఇంకో లోకం. తాండూరు నాపబండల గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పండే నల్లరేగడి, అన్నీ ఈ నది చుట్టూనే. తాండూరు పట్టణం తాగే నీళ్లు కాగ్నావి. 1956 దాకా తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాలో ఉండేవి కాబట్టి మా మాటలో కన్నడం, ఉర్దూ కలిసే వస్తాయి. నది ఇంకా కిందికి పోయి మళ్‌ఖేడ్ కోటను ఒరుసుకుంటూ పారుతుంది. అది రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం. అమోఘవర్షుడు ఏలిన ఊరు. అపభ్రంశ కవి పుష్పదంతుడు మహాపురాణం రాసిన ఊరు. అనంతగిరికి వచ్చేవాళ్లలో ఈ నది వెంట ఇటు దిగివచ్చేవాళ్లు దాదాపు లేరు. గుట్ట మీద గంట సేపు నిలబడి ఫొటో తీసుకుని వెనక్కి పోతారు. వికారాబాదులో దిగకుండా అదే రైల్లో ఇంకాసేపు కూర్చుంటే తాండూరు, ఆ పైన నవాంద్గి, ఆ పైన మళ్‌ఖేడ్. కార్తీక జాతరకు పట్నం నుంచి ప్రత్యేక రైళ్లు వేసి, శని, ఆదివారాల్లో ఈ లైను మీద ప్యాసింజర్లు పెంచితే గుట్ట మీద కార్ల బరువు తగ్గుతుంది. పట్నం నుంచి ఆ కార్లు వచ్చే చేవెళ్ల రోడ్డు పొడవునా నిజాం కాలం నుంచి నిలబడ్డ మర్రిచెట్లను వెడల్పు కోసం నరకాలా వద్దా అన్న తగాదాలో పట్టాల మాట ఎవరూ ఎత్తలేదు. ఆ పట్టాలు 1874 నుంచి అక్కడే ఉన్నాయి.