ఎమ్యులేటర్ దుకాణం మెట్లెక్కిన కథ

హైదరాబాద్‌లోని విద్యానగర్, అడిక్‌మెట్, తార్నాకల్లో తొంభైల్లో బడికెళ్లిన వాళ్లని ఎవరినైనా కదిపి చూడండి. ‘ముస్తఫా గేమ్’ పేరెత్తగానే కబుర్లు మొదలవుతాయి. ఆ ఆట అసలు పేరు ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. జపాన్ కంపెనీ కాప్‌కామ్ 1993లో వీడియో గేమ్ పార్లర్ల కోసం తయారుచేసింది. అందులో నలుగురు వీరులుంటారు. టోపీ పెట్టుకుని పరుగున వచ్చి ఎగిరి తన్నే ముస్తఫా కైరో మనవాళ్లకి ఎంత నచ్చాడంటే, అతని పేరే ఆట పేరైపోయింది. ఒక్క హైదరాబాద్‌లోనే కాదు, దేశమంతా అంతే.

ఇంట్లో ఆడుకునే ఏ కన్సోల్‌కీ కాప్‌కామ్ ఈ ఆటని తీసుకురాలేదు. 2018లో తన పాత కొట్లాట ఆటలు ఏడింటిని కట్టగట్టి అమ్మినప్పుడు కూడా ఇది అందులో లేదు. కథ, పాత్రలు మార్క్ షుల్ట్జ్ గీసిన ‘జెనోజోయిక్ టేల్స్’ కామిక్స్‌వి. కారు పేరు జనరల్ మోటార్స్‌ది. ఇంతమంది అనుమతి కావాల్సిన ఆటని మళ్లీ అమ్మకానికి పెట్టడం తేలికైన పని కాదు. అయినా ముస్తఫా నేటికీ బతికే ఉన్నాడు. పార్లర్లు మూతపడ్డాక నెట్ సెంటర్లలో, ఆ తర్వాత హాస్టల్ గదుల్లోని కంప్యూటర్లలో, ఇప్పుడు ఫోన్లలో. బతికించింది ఎమ్యులేటర్.

ఎమ్యులేటర్ అంటే ఒక యంత్రం తాను మరో యంత్రాన్నని ప్రోగ్రామ్‌ని నమ్మించే ఏర్పాటు. ఇది ఆటల కోసం పుట్టలేదు, లెక్కల కోసం పుట్టింది. 1964 ఏప్రిల్‌లో ఐబీఎం సిస్టం/360 కంప్యూటర్లని ప్రకటించింది. అప్పటికే వేలాది ఆఫీసులు అదే కంపెనీ 1401 యంత్రం కోసం జీతాల లెక్కలు, సరుకుల లెక్కలు రాయించుకుని ఉన్నాయి. వాటన్నిటినీ మళ్లీ రాయమంటే కొత్త యంత్రాన్ని ఎవరూ కొనరు. అందుకని పాత యంత్రం ఆజ్ఞలు కొత్త యంత్రానికి అర్థమయ్యే ఏర్పాటు కూడా అందులోనే పెట్టి అమ్మారు. దానికి ఎమ్యులేటర్ అని పేరు పెట్టింది 1963లో ఐబీఎం ఇంజనీర్లే. అంటే మొదటి ఎమ్యులేటర్ ఏ దొంగచాటు సరుకూ కాదు. కంపెనీ తన కొనుగోలుదారుడి పాత పని వృథా కాకుండా ఇచ్చిన భరోసా అది. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే తర్వాత ముప్పై ఏళ్లకి ఎమ్యులేటర్ అంటేనే పైరసీ అన్న పేరు పడింది.

ఆటల ఎమ్యులేటర్లు ఊపందుకున్నది 1996, 97ల్లో. మరాట్ ఫైజుల్లిన్ రాసిన ఐనెస్, 1997 ఏప్రిల్‌లో వచ్చిన నెస్టికల్ నింటెండో ఫామికామ్ కన్సోల్ ఆటల్ని మామూలు పీసీ మీద ఆడించాయి. మన దగ్గర ఆ ఫామికామ్ అసలు పేరుతో రాలేదు. లిటిల్ మాస్టర్, విజ్ కిడ్, మీడియా లాంటి పేర్లతో నకళ్లు టీవీల కింద చేరాయి. ‘9999 ఇన్ 1’ అని రాసి ఉన్న క్యాసెట్‌లో అసలు ఆటలు కొన్నే ఉండేవి, మిగతావన్నీ వాటి పునరావృతాలు. నకలు యంత్రం మీద నకలు క్యాసెట్ ఆడి పెరిగిన తరానికి ఎమ్యులేటర్ వింతగా అనిపించలేదు.

1997 ఫిబ్రవరి 5న ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా మేమ్ అనే ఎమ్యులేటర్ విడుదల చేశాడు. పార్లర్ యంత్రాల బోర్డుల మీదున్న చిప్పులు ఎలా పనిచేస్తాయో ప్రోగ్రామ్ రూపంలో రాసిపెట్టడం దాని లక్ష్యం. ఆడుకోగలగడం ఆ రాత సరిగ్గా ఉందనడానికి రుజువు మాత్రమేనని మేమ్ బృందం మొదట్నుంచీ చెబుతోంది. ముస్తఫా సీడీల మీద తిరిగింది మేమ్ లాంటి ఎమ్యులేటర్ల పుణ్యమానే.

ఎమ్యులేటర్ రాయడం ఎంత నిశితమైన పనో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఫామికామ్ ప్రాసెసర్‌కి సెకనుకి దాదాపు 18 లక్షల క్లాక్ టిక్కులు. దానికున్న మెమరీ 2 కిలోబైట్లు. పక్కన బొమ్మ గీసే చిప్పు వేరే ఉంటుంది. అమెరికా, జపాన్ యంత్రాల్లో ప్రాసెసర్ ఒక టిక్కు వేసేలోగా అది తెర మీద మూడు చుక్కలు గీస్తుంది. పాత ఆటలు రాసినవాళ్లు ఈ లెక్కని ఆసరా చేసుకుని, తెర సగం గీశాక రంగు మార్చడం, పైభాగం కదలకుండా కింది భాగం మాత్రం జరపడం లాంటి ఉపాయాలు పన్నారు. ఎమ్యులేటర్ ఆ మూడు చుక్కల తాళం తప్పితే స్కోరు పట్టీ వణుకుతుంది, కొన్ని ఆటలు మధ్యలోనే ఆగిపోతాయి. ఇలాంటివి వందలాది పట్టుకోవడానికి జీతంలేని మనుషులు ఏళ్లు వెచ్చించారు. వాళ్లని దొంగలన్న మాట నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

కోర్టు కూడా ఆ మాట ఒప్పుకోలేదు. 1999లో కనెక్టిక్స్ అనే కంపెనీ ‘వర్చువల్ గేమ్ స్టేషన్’ పేరుతో మ్యాకింటోష్ మీద ప్లేస్టేషన్ ఆటల్ని ఆడించే ప్రోగ్రామ్ అమ్మింది. బ్లీమ్ అనే మరో కంపెనీ పీసీ కోసం అదే పని చేసింది. సోనీ ఇద్దరి మీదా కేసు వేసింది. కనెక్టిక్స్ ఇంజనీర్లు సోనీ బయోస్‌ని, అంటే యంత్రం లోపలే ఉండే మూల ప్రోగ్రామ్‌ని, కాపీ చేసి విడదీసి చూసినా, అది సొంత ప్రోగ్రామ్ రాయడానికి అవసరమైన మేరకేననీ, న్యాయమైన వాడకమేననీ 2000 ఫిబ్రవరిలో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. తీర్పు గెలిచినా వ్యాపారం నిలవలేదు. కనెక్టిక్స్ ఆ ప్రోగ్రామ్‌ని సోనీకే అమ్మేసింది, సోనీ దాన్ని మూలన పడేసింది. లాయర్ల ఖర్చు భరించలేక బ్లీమ్ 2001లో మూతపడింది. అప్పటి నుంచి చాలాకాలం ఎమ్యులేటర్ ఉచితంగా పంచేదిగానే మిగిలింది తప్ప, దుకాణంలో పెట్టి అమ్మే ధైర్యం ఎవరికీ రాలేదు.

విచిత్రంగా, దాన్ని మళ్లీ దుకాణంలో పెట్టింది ఆట కంపెనీలే. 2006లో నింటెండో వీ కన్సోల్‌తో పాటు వర్చువల్ కన్సోల్ అనే అంగడి తెరిచి, తన పాత ఆటల్ని ఎమ్యులేటర్ తోడుచేసి ఒక్కోటిగా అమ్మింది. 2007లో ఇడ్ సాఫ్ట్‌వేర్ పాత ఆటలు స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల అంగడిలో చేరినప్పుడు వెనక పనిచేసింది డాస్‌బాక్స్ అనే ఉచిత ఎమ్యులేటర్. 2008లో పోలండ్ నుంచి మొదలైన జీవోజీ అంగడి డాస్ కాలం నాటి సరుకు నిలబెట్టింది కూడా చాలావరకు దాని మీదే. కొనేవాడికి ఎమ్యులేటర్ పేరు కూడా తెలియనక్కర్లేదు, బొమ్మ మీద నొక్కితే ఆట తెరుచుకుంటుంది. ఐబీఎం నాటి భరోసా మళ్లీ అమ్మకానికి వచ్చిందన్నమాట.

ఎమ్యులేటర్‌ని ఎమ్యులేటర్‌గానే, సొంత పేరుతో అరలో పెట్టడం మాత్రం వేరే సంగతి. ఆండ్రాయిడ్‌లో ఆ తలుపు మొదట్నుంచీ తెరిచే ఉంది. విద్యానగర్ హాస్టళ్లలో చేతికందిన మొదటి స్మార్ట్‌ఫోన్ చాలామందికి ఆండ్రాయిడే కాబట్టి, ఐఫోన్ వాళ్లు పడ్డ అవస్థ ఇక్కడ పెద్దగా తెలియదు. పీసీల విషయానికొస్తే, పలు ఎమ్యులేటర్లని ఒక్కచోట నడిపే రెట్రోఆర్చ్ 2021 సెప్టెంబర్‌లో స్టీమ్‌లోకి వచ్చింది. 2023లో నింటెండో వీ ఆటల్ని ఆడించే డాల్ఫిన్ ఎమ్యులేటర్ కూడా వస్తానని ప్రకటించింది. స్టీమ్ నడిపే వాల్వ్ నింటెండోని అడిగింది, నింటెండో వద్దంది. డాల్ఫిన్‌లో వీ కన్సోల్ తాళాలు తెరిచే రహస్య కీ ఉండటమే పేచీ. ఆ ఏడాది జులైకల్లా డాల్ఫిన్ బృందం ఆ ఆలోచన మానుకుంది.

ఆపిల్ కథ ఇంకా పాతది. 2008లో యాప్ స్టోర్ తెరిచిన నాటి నుంచి ఎమ్యులేటర్లకి గేటు మూసే ఉంచింది. రైలీ టెస్టట్ అనే అమెరికన్ కుర్రవాడు స్కూల్లో ఉండగానే జీబీఏ4ఐఓఎస్ తయారుచేశాడు. స్టోర్‌లో చోటు లేదు కాబట్టి, గడువు తీరిన సర్టిఫికెట్ చెల్లేలా ఫోన్ తేదీని వెనక్కి జరిపి దాన్ని ఎక్కించుకునేవారు. తర్వాత ఆపిల్ ఆ సందు పూడ్చేసింది. 2024 మార్చిలో యూరప్ డిజిటల్ మార్కెట్స్ చట్టం ఆపిల్ మెడ మీదికి వచ్చింది. ఏప్రిల్ 5న కంపెనీ తన నిబంధన 4.7 సవరించి, పాత కన్సోళ్ల ఎమ్యులేటర్లు ప్రపంచమంతటా స్టోర్‌లోకి రావచ్చంది. కొద్దిరోజుల్లోనే టెస్టట్ పాత ప్రోగ్రామ్‌కి ప్రకటనలు తగిలించిన నకలొకటి ఐజీబీఏ పేరుతో వచ్చి చేరింది. ఆపిల్ దాన్ని తీసేసింది. ఏప్రిల్ 17న టెస్టట్ సొంత ఎమ్యులేటర్ డెల్టా వచ్చింది. మే నెలలో రెట్రోఆర్చ్, పీపీఎస్‌ఎస్‌పీపీ వరుసకట్టాయి.

గేటు తెరిచినా గడప ఎత్తుగానే ఉంది. పాత యంత్రం భాషని ఫోన్ ప్రాసెసర్ భాషలోకి మార్చడానికి రెండు దారులున్నాయి. దుబాసీ ఒక్కో మాటా విని ఒక్కో మాటా చెప్పడం మొదటిది. ఎక్కువసార్లు వినిపించే ప్రసంగాన్ని ఒకసారి విన్నప్పుడే అనువదించి కాగితం మీద పెట్టుకుని, మళ్లీ వచ్చినప్పుడల్లా దాన్ని చదవడం రెండోది. రెండో దాన్నే జిట్ అంటారు, వేగమంతా అందులోనే ఉంది. ప్రోగ్రామ్ నడుస్తూ నడుస్తూ తనకి తానే కొత్త ఆజ్ఞలు రాసుకోవడాన్ని భద్రత పేరుతో ఐఫోన్ ఒప్పుకోదు. అందుకే డాల్ఫిన్ లాంటి బరువైనవి యాప్ స్టోర్‌కి రావడం కుదరదని దాని తయారీదారులే చెప్పారు. సోనీ చేతి కన్సోల్ పీఎస్‌పీ ఆటలు ఆడించే పీపీఎస్‌ఎస్‌పీపీ మొదటి దారిని బాగా సానపట్టి గట్టెక్కింది. దాని మూలకర్త స్వీడన్‌కి చెందిన హెన్రిక్ రిడ్‌గార్డ్. సోనీ బయోస్ అవసరం లేకుండా పీఎస్‌పీ లోపలి సేవల్ని అతని బృందమే మళ్లీ రాసింది కాబట్టి, న్యాయపరంగానూ ఇది కాస్త నిబ్బరంగా ఉంటుంది.

ఇప్పుడు మన ఊరి సంగతికి రావాలి. 2009లో హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్ ‘హనుమాన్: బాయ్ వారియర్’ తయారుచేసింది. పూర్తిగా ఇండియాలో తయారై ప్లేస్టేషన్ 2 మీద వచ్చిన మొదటి ఆట అదే. దేవుణ్ణి బటన్లతో ఆడించడం తగదని అమెరికాలో కొందరు అభ్యంతరం చెబితే వార్తలకెక్కింది. అదే ఏడాది హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర ‘దేశీ అడ్డా’ను పీఎస్2, పీఎస్‌పీల కోసం తెచ్చింది. కబడ్డీ, గిల్లీదండా (మన చిర్రగోనె), గాలిపటాలు అందులో ఆటలు. చిర్రగోనెని కన్సోల్ మీద చూసుకున్న మొదటి తరం మనదే. 2013లో షారుఖ్ సినిమా పేరు మీద ‘డాన్ 2’ చేసింది కూడా గేమ్‌శాస్త్రే. అది వచ్చేసరికి సోనీ పీఎస్2 తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించేసింది.

హనుమాన్ గానీ డాన్ 2 గానీ ప్లేస్టేషన్ 4, 5ల కోసం తిరిగి విడుదల కాలేదు. అమెరికాలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో 87 శాతం ఇప్పుడు ఎక్కడా అమ్మకానికి దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్కతేల్చింది. మన ఆటలకి అలాంటి లెక్క కట్టే సంస్థే లేదు. నాకు బాధ కలిగించేది ఇదే. ఆడించే యంత్రానికి దుకాణంలో చోటు దొరికింది. దాని మీద ఆడాల్సిన మన ఆటల్లో హనుమాన్, డాన్ 2 లాంటివాటికి మాత్రం చోటు దొరకలేదు. హైదరాబాద్‌లో కూర్చుని రాసిన అలాంటి ఆటని హైదరాబాద్ కుర్రాడు న్యాయంగా కొనుక్కునే దారి పాత డిస్కు వెతుక్కోవడం ఒక్కటే.

ఆ డిస్కు దొరికితే మాత్రం చట్టం మరీ నిర్దయగా లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, సక్రమంగా సొంతమైన కంప్యూటర్ ప్రోగ్రామ్ పోకుండా, పాడవకుండా రక్షణగా కాపీ తీసుకోవచ్చంటుంది. మరో ప్రోగ్రామ్‌తో కలిసి పనిచేయడానికి కావాల్సిన సమాచారం రాబట్టుకోవచ్చనీ అంటుంది. 2012లో చేర్చిన 65ఏ సెక్షన్, హక్కులు కొల్లగొట్టే ఉద్దేశంతో డిజిటల్ తాళాలు పగలగొట్టడాన్ని శిక్షిస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికిన ఫైలు దించుకోవడం వీటిలో దేని కిందికీ రాదు. తన డిస్కు నుంచి తాను తీసుకున్న కాపీ వేరు, ఊరంతా పంచే కాపీ వేరు.

1954 నాటి చట్టం ప్రకారం ప్రచురితమైన ప్రతి పుస్తకం కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి చేరాలి. వీడియో గేమ్‌కి అలాంటి నియమం లేదు. తాళపత్ర గ్రంథాలని భద్రపరిచిన ఉస్మానియా యూనివర్సిటీ లైబ్రరీ, తన ఊళ్లో పుట్టిన ఆటల డిస్కుల్ని కూడా తన బాధ్యతగా తీసుకోవాలని నా కోరిక. డిస్కుతో పాటు పీఎస్2 ఒకటి, పీఎస్‌పీ ఒకటి, తయారుచేసిన వాళ్ల దగ్గర మిగిలి ఉంటే సోర్స్ కోడ్, బొమ్మల ఫైళ్లు కూడా చేరాలి. ఆ ఆటలు రాసినవాళ్లలో చాలామంది ఇంకా పనిచేసే వయసులోనే ఉన్నారు, అడిగితే చెప్పగలరు.

ఇంట్లో ‘దేశీ అడ్డా’ గానీ ‘హనుమాన్’ గానీ ఉన్నవాళ్లు గీతలు పడకముందే కాపీ తీసి పెట్టుకోండి. పీఎస్2 డీవీడీని మామూలు కంప్యూటర్ డ్రైవ్ చదువుతుంది. పీఎస్‌పీ డిస్కు, అంటే యూఎండీ, మాత్రం ఏ కంప్యూటర్ డ్రైవ్‌లోనూ పట్టదు, దానికి పనిచేసే పీఎస్‌పీయే కావాలి.