డాక్టర్ మర్రి చెన్నారెడ్డి: ఉర్దూలో వైద్యం చదివి, ముఖ్యమంత్రి అయిన డాక్టర్ సాబ్

మర్రి చెన్నారెడ్డి 1919 జనవరి 13న, ఇప్పుడు సంగారెడ్డికి ఆనుకుని ఉన్న వికారాబాద్ జిల్లా ప్రాంతంలో పుట్టారు. ఉస్మానియాలో ఎంబీబీఎస్ చదివారు. ఆ రోజుల్లో అక్కడ వైద్యం కూడా ఉర్దూలోనే బోధించేవారు. మన పెద్దలకు ఆయన చివరిదాకా ‘డాక్టర్ సాబే’. అయితే ఆయన పేరు నిలిచింది మాత్రం దవాఖానాలో కాదు, అసెంబ్లీలో.

1952లో వికారాబాద్ నుంచి గెలిచి, 33 ఏళ్లకే బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. 1967లో తాండూరు నుంచి గెలిచాక కేంద్రంలో ఉక్కు, గనుల మంత్రి పదవి దక్కింది. కానీ ఎన్నికల్లో అక్రమ పద్ధతులు వాడారని ఆ ఎన్నిక చెల్లదని కోర్టు తేల్చడంతో 1968లో పదవి వదిలారు. ఆరేళ్లు పోటీ చేయకుండా అనర్హత పడింది.

తెలంగాణ ఉద్యమం

1969లో ప్రత్యేక తెలంగాణ కోసం జనం రోడ్డెక్కారు. ముల్కీలకు దక్కాల్సిన ఉద్యోగాలు బయటివాళ్లకు పోతున్నాయన్నదే అసలు బాధ. చెన్నారెడ్డి తెలంగాణ ప్రజా సమితికి అధ్యక్షుడయ్యారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 సీట్లలో 10 ఆ పార్టీకే వచ్చాయి. అదే ఏడాది పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. కాల్పుల్లో బిడ్డల్ని పోగొట్టుకున్న ఇళ్లలో ఆ నిర్ణయం ఇప్పటికీ గుచ్చుతూనే ఉంటుంది.

ముఖ్యమంత్రిగా రెండుసార్లు

1978 మార్చిలో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ నెలాఖరులోనే నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక ముస్లిం మహిళపై అత్యాచారం జరిగింది, ఆమె భర్తను కొట్టి చంపారు. హైదరాబాద్ అట్టుడికింది. ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేసింది. కమిషన్ పోలీసులదే తప్పని చెప్పింది. కానీ కేసు కర్ణాటకలోని రాయచూర్‌కు బదిలీ అయింది, అక్కడి కోర్టు నిందితుల్ని వదిలేసింది.

1980లో ఇందిరా గాంధీ మన మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచినప్పుడు రాష్ట్రంలో ఆయనే ముఖ్యమంత్రి. ఆ అక్టోబర్‌లో పదవి దిగారు.

1989 డిసెంబర్‌లో మళ్లీ ఆ కుర్చీ దక్కింది. సరిగ్గా ఏడాదికి, 1990 డిసెంబర్‌లో, హైదరాబాద్‌లో మత ఘర్షణలు చెలరేగాయి. రెండు వర్గాల ఇళ్లలోనూ శవాలు లేచాయి. శాంతిభద్రతలు కాపాడలేకపోయారన్న విమర్శ మధ్య రాజీనామా చేశారు. నేదురుమల్లి జనార్దన్ రెడ్డి ఆ స్థానంలోకి వచ్చారు.

గవర్నర్‌గా

ఉత్తరప్రదేశ్, పంజాబ్, రాజస్థాన్, తమిళనాడు రాష్ట్రాలకు గవర్నర్‌గా పనిచేశారు. తమిళనాడు గవర్నర్‌గా ఉండగానే 1996 డిసెంబర్ 2న కన్నుమూశారు. సమాధి హైదరాబాద్ ఇందిరా పార్కులో ఉంది. జూబ్లీహిల్స్‌లో ప్రభుత్వ ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే సంస్థకు ఆయన పేరే పెట్టారు.

డాక్టర్ సాబ్ గురించి పిల్లలకు చెప్పేటప్పుడు రెండు వైపులా చెప్పండి. ఉర్దూలో చదువుకుని అంత ఎత్తుకు ఎదిగిన మనిషీ ఆయనే, నల్లకుంటకూ 1990కీ జవాబు చెప్పాల్సిన ముఖ్యమంత్రీ ఆయనే.