ముత్యానికి పులుపు పడదు

జమ్మలమడుగుకు పడమరగా, పెన్నా కొండల్ని చీల్చుకుని పారే చోట గండికోట ఉంది. 1652 సెప్టెంబరులో టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు ముత్యాలు పట్టుకుని ఆ కోటకు వచ్చాడు. తన వజీరు మీర్ జుమ్లా చూడనిదే గోల్కొండ సుల్తాను ఖరీదైన రాయి కొనడని ఎవరో చెబితే, ఆ వజీరును వెతుక్కుంటూ వచ్చాడు. బేరికాయ ఆకారంలో ఉన్న ఆ ముత్యాల్లో చిన్నది సైతం 24 క్యారెట్లకు పైగా తూగింది. మీర్ జుమ్లా కూడా తన దగ్గరున్న అయిదు చిన్న సంచుల వజ్రాలు తెప్పించి చూపాడు.

ఇలా కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ చరిత్రలో కనిపిస్తారు. ఆ రాళ్లను తరాల తరబడి తుడిచి, మెరుపు పోకుండా నిలిపిన ఆడవాళ్లు కనిపించరు. నేను రాయదలచింది వాళ్ల పని గురించే.

నా పుట్టిల్లు ప్రొద్దుటూరు, మెట్టినిల్లు పులివెందుల. నగల సంగతి నేర్పింది జమ్మలమడుగులో ఉన్న మా అవ్వ. బంగారు వ్యాపారానికి రెండో బొంబాయి అని పేరున్న ప్రొద్దుటూరులో దసరా వచ్చిందంటే, అమ్మవారిశాలకు వెళ్లడానికి ఇంటింటా నగలు బయటికొచ్చేవి. అంతకు ముందే అవ్వ నూలుగుడ్డ పరిచి వాటిని రెండు కుప్పలు చేసేది. రాళ్లు లేని ఉత్త బంగారం, వెండి ఒకవైపు. వాటికి చింతపండు పులుసు, కుంకుడు రసం, వేడినీళ్లు ఏదైనా సరే. రాళ్ల నగలు రెండో వైపు. అక్కడికి పులుపు రాకూడదు. “అమ్మే, పులుసు చేత్తో ముత్యాల్ని ముట్టొద్దు” అనేది.

కారణం మా కాళ్ల కిందే ఉంది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు ఇళ్లన్నీ నాపరాళ్లు పరిచినవే. ఆ బండ మీద నిమ్మకాయ పిండితే మచ్చ పడుతుంది, ఎంత కడిగినా పోదు. నాపరాయి సున్నపురాయి; పులుపు దాన్ని తినేస్తుంది. ముత్యంలోనూ పగడంలోనూ ఉన్నది ఆ సున్నపు పదార్థమే. అవ్వ రసాయనశాస్త్రం చదవలేదు, కానీ బండనూ ముత్యాన్నీ చూసింది. ముత్యాల దండను తడిపి పిండిన మల్లుగుడ్డతో తుడిచి, దారం ఆరేదాకా పరిచే ఉంచేది. తడిదారంతో వేలాడదీస్తే సాగుతుంది. తాళిబొట్టు పక్కన కట్టుకునే పగడానికి రోజూ పసుపు, సబ్బు, చెమట తగులుతాయి కాబట్టి స్నానం కాగానే మెత్తటి గుడ్డతో తుడుచుకోమనేది.

పాత కెంపుల కమ్మలది మరో కథ. వాటి వెనక గూడు మూసి ఉంటుంది. లోపల లక్క, మెరుపు కోసం పల్చటి రేకు, ఆపైన రాయి. కెంపు ఎంత గట్టిదైనా, నీళ్లు లోపలికి పోతే రేకు నల్లబడి రాయి చచ్చినట్టు కనిపిస్తుంది. వేడి తగిలితే లక్క మెత్తబడి రాయి కదులుతుంది. వాటికి పొడిగుడ్డే.

వెనక తెరిచి ఉన్న రవ్వల కమ్మలు మాత్రం కడగాల్సినవే. వజ్రానికి నీళ్లు అంటవు, జిడ్డు అంటుతుంది. తలకు రాసుకున్న కొబ్బరినూనె అంతా రవ్వ వెనక చేరుతుంది. గోరువెచ్చని కుంకుడు రసంలో కాసేపు ఉంచి మెత్తటి కుంచెతో రుద్దితే వదులుతుంది. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. సబ్బు తెట్టె కట్టి రాయి మీద పొర వేస్తుంది. కుంకుడుకాయకు ఆ బాధ లేదు.

1963 జనవరిలో బంగారు నియంత్రణ వచ్చి, 14 క్యారెట్లకు మించి కొత్త నగ చేయకూడదన్నారు. ఆచారుల కుంపట్లు చల్లారిన కాలం అది. 1968లో చట్టమై 1990 దాకా ఏదో ఒక రూపంలో నడిచింది. మా ఇంట్లో ఆ రోజుల్లో ఉన్న నగను కాపాడుకోవడమే పెద్ద పని అయింది. అవ్వ పట్టింపు విలువ అప్పుడు తెలిసింది.

ఇప్పుడు పేస్టు పెట్టి రుద్దుతున్నారు. అందులోని పొడి ముత్యాన్నీ బంగారాన్నీ కూడా గీస్తుంది. శబ్ద తరంగాలతో కడిగే యంత్రాలు ఇళ్లలోకే వచ్చాయి. పచ్చలో సహజంగా పగుళ్లుంటాయి, అవి కనబడకుండా నూనె పట్టిస్తారు. యంత్రమూ వేడినీళ్లూ ఆ నూనెను లాగేస్తే పచ్చ వెలిసిపోతుంది. ఈ కాలపు చవక కెంపుల్లో చాలావాటికి పగుళ్లలో గాజు నింపి ఉంటుంది. నిమ్మరసం ఆ గాజును కొరికేస్తుంది.

మీ బీరువాలో అవ్వల నాటి నగ ఉంటే ముందు తిప్పి వెనక చూడండి. గూడు మూసి ఉంటే నీళ్లలో వేయకండి. ఏ రాయో తెలియకపోతే తుడిచి ఊరుకోండి, తెలిసిన ఆచారికి చూపించాకే కడగండి.